పూజలో ఉన్న మిషన్

పద్నాలుగేళ్ల నుంచి ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు. కక్కుదామంటే రాదు. పెద్ద మాట కూడా కాదు, "అవును" అన్నంత మాట. అది చెప్పాల్సిన చోట "లేదు" అన్నాను. ఆ "లేదు" మీదే పద్నాలుగేళ్లు బతికాను, అన్నం తిన్నాను, బిడ్డను చదివించుకున్నాను. మంచిదాన్నని పేరు కూడా తెచ్చుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి, నాకు ఆ ధైర్యం లేదు. నా పేరు చెప్పను. నాలుగు రోజులుగా మిషన్ మీద కూర్చోలేదు. జ్వరమని చెప్పాను. అదీ అబద్ధమే. ఎందుకు కూర్చోలేదో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు జాలిపడతారు. జాలి కోసం రాయడం లేదు.

తిరుపతిలో రైలు స్టేషనుకు అవతల ఒక సందులో మొదలాళి ఇల్లు. మొదలాళి అంటే మా యజమాని, మా వైపు అలాగే పిలుస్తాం. ఇంటి ముందు వసారాకు తడికలు కట్టి అందులో రెండు కుట్టు మిషన్లు వేశాడు. కొండకు వచ్చే యాత్రికులు కొనుక్కునే రెగ్జిన్ సంచులు అక్కడ తయారయ్యేవి. చిన్న మిషన్ నాది. సంచి లోపలి గుడ్డ, జేబులు, అంచులు, అదంతా నా పని. పెద్ద మిషన్ మునెమ్మక్కది. పైన రెగ్జిన్, కింద కాన్వాసు, వాటి మీద మడత పెట్టిన నైలాన్ పట్టీ, అన్నీ కలిపి కుట్టాలంటే ఆ పెద్ద మిషనే కావాలి. దాని మీద మునెమ్మక్కే కూర్చోవాలి. ఒకరి మిషన్ మీద ఇంకొకరు కూర్చోకూడదన్నది ఆ వసారాలో ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే నియమం.

మునెమ్మక్కకు అప్పుడు నలభై దాటాయి. భర్త కొండ మీద పూలతోటలో పనిచేసేవాడు, వారానికోసారి కిందికి దిగేవాడు. ఒక్కతే కూతురు, సుగుణ. సొంత ఊరు కార్వేటినగరం. ఆ రోజుల్లో రెగ్జిన్ కుట్టే ఆడది మా చుట్టుపక్కల ఆమె ఒక్కతే. మగ టైలర్లు కూడా వచ్చి ఆమె కుట్టిన పట్టీని లాగి చూసేవాళ్లు. "ఈ పట్టీకి మనిషిని ఏలాడగట్టొచ్చప్పా" అని మొదలాళి దుకాణాలవాళ్లతో గొప్పలు పోయేవాడు. నాకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర నుంచి అన్నీ ఆమే నేర్పింది. నేను పచ్చి బాలింతగా పనిలో చేరినప్పుడు, మధ్యాహ్నం బిడ్డకు పాలిచ్చి రమ్మని, అంతసేపూ నా పని కూడా తానే చేసింది. ఇవన్నీ ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఎవరికి చేశానో మీకు తెలియాలి.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఆరోజు మిషన్లను కిరసనాయిలుతో తుడిచి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి, నిమ్మకాయ కోసి రెండు పక్కలా పెడతాం. బొరుగులు, శనగపప్పు, బెల్లం పంచుతాం. పూజ అయ్యాక మిషన్‌కు విశ్రాంతి. మర్నాడు విజయదశమి పొద్దున పూజ ఎత్తి, పసుపులో ముంచి ఆరేసిన గుడ్డముక్క మీద మునెమ్మక్క తొలికుట్టు వేసేదాకా ఎవరూ ముట్టకూడదు. ముడితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

మా వాణ్ణి ఆ విజయదశమికి బళ్లో వేయాలనుకున్నాం. ఆ పొద్దున్నే ముహూర్తం. వాడికి గుడ్డ సంచి వద్దట. ఎదురింటి పిల్లవాడికున్నట్టు నల్ల రెగ్జిన్ సంచి కావాలని రెండు రోజులు ఏడ్చాడు. తునకలు నా దగ్గర ఉన్నాయి, మొదలాళి పారేయమన్నవే. అన్నీ కత్తిరించి పెట్టుకున్నాను. పూజకు ముందే అక్కను అడిగి ఉంటే రెండు నిమిషాల్లో కుట్టి ఇచ్చేది. అడగలేదు. ఎందుకు అడగలేదు? మొహమాటమని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. నా బిడ్డ సంచి నా చేత్తో, ఆ పెద్ద మిషన్ మీద కుట్టాలని నాకు ఆశ. ఆ మిషన్ మీద ఎప్పుడూ నాకు ఒక కన్ను ఉండేది.

పొద్దు గుంకుతోంది. అక్క ఇంటికి వెళ్లిపోయింది. మొదలాళి ఇంట్లోవాళ్లు బొమ్మల కొలువు చూడటానికి పోయారు. దీపం కొండెక్కకుండా నూనె పోయమని నన్ను ఉండమన్నారు. నేనూ, దీపమూ, పూలు చుట్టుకున్న ఆ మిషనూ. పూలు పక్కకు తీశాను. నిమ్మచెక్కలు కింద పెట్టాను. దండం పెట్టుకున్నాను కూడా, చూడండి నా తెలివి. బిడ్డ చదువు కోసం కదా తల్లీ అన్నాను.

సంచి చక్కగా వచ్చింది. చివరి పట్టీ మూల మిగిలింది. అక్కడ పట్టీ నాలుగు మడతలు, కింద రెగ్జిను, కాన్వాసు. అక్క అయితే అలాంటి చోట తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే దించేది. నేను తొక్కాను. టక్ మని సూది విరిగింది. మిషన్ పట్టేసింది. చక్రం ముందుకూ పోదు, వెనక్కూ రాదు. వాళ్లొచ్చేస్తారని భయం. రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. లోపల ఏదో కిర్రుమని జరిగింది. ఆ చప్పుడు నాకు వినపడింది. వినపడలేదని ఇన్నేళ్లు చెప్పుకున్నాను గానీ వినపడింది. తర్వాత చక్రం తిరిగింది. విరిగిన ముక్క ఏరేసి, కొత్త సూది పెట్టి, నా రవికె గుడ్డ పీలిక మీద కుట్టి చూశాను. బ్రహ్మాండంగా కుట్టింది. పూలు, నిమ్మచెక్కలు ఎక్కడివక్కడ పెట్టి, చెదిరిన కుంకుమ మళ్లీ దిద్దాను. మిగిలిన మూల ఇంటికి పోయి దబ్బనంతో కుట్టుకున్నాను.

మర్నాడు అక్క తలంటుకుని వచ్చి పూజ ఎత్తి, పసుపు గుడ్డ మీద తొలికుట్టు వేసింది. ముత్యాల్లాంటి కుట్టు. అందరం దండం పెట్టుకున్నాం. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏమీ కాలేదు అనుకున్నాను.

ఆ మరుసటి రోజు రెగ్జిన్ ఎక్కించగానే కుట్టు తప్పడం మొదలైంది.

కుట్టు ఎలా పడుతుందో ఒక్క ముక్కలో చెబుతాను, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. సూది కిందికి దిగి పైకి లేవబోయేటప్పుడు దారం చిన్న ఉంగరంలా వదులవుతుంది. కింద షటిల్ ముక్కు సరిగ్గా ఆ క్షణానికి వచ్చి ఆ ఉంగరాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే కుట్టు. వెంట్రుకవాసి తేడా వస్తే ముక్కు ఖాళీగా పోతుంది, కుట్టు తప్పుతుంది. పలుచని గుడ్డ అయితే ఆ తేడాను సర్దుకుంటుంది. రెగ్జిన్ సర్దుకోదు. మందం, పైగా జిగురు. సూదిని పట్టుకుని లాగుతుంది. అందుకే గుడ్డ మీద వంక లేకుండా కుట్టే మిషన్ రెగ్జిన్ మీద నాలుగో కుట్టో అయిదో కుట్టో వదిలేస్తుంది. వదిలేసిన చోట పట్టీ లాగితే చర్రున ఊడొస్తుంది.

అక్క మొదట సూది మార్చింది. పద్దెనిమిదో నంబరు తీసి ఇరవై ఒకటి పెట్టింది. తప్పింది. సూది చదును వైపు ఓ రవ్వ మెలి తిరిగిందేమోనని తీసి మళ్లీ పెట్టింది. కొవ్వొత్తికి దారం రుద్దింది. రెగ్జిన్ వేడికి కరిగి సూది కంట్లో అంటుకుంటోందేమోనని ప్రతి పట్టీకీ సూదిని నూనె గుడ్డతో తుడిచింది. బట్ట పైకి లేస్తోందేమోనని అదిమే పాదాన్ని బిగించింది. షటిల్ విప్పి దువ్వెన పళ్లతో దుమ్ము తీసింది. దారం మార్చింది. బాబిన్ మార్చింది. చివరికి తొక్కడమే మానేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ, ఒక్కో కుట్టునూ పెదాలతో లెక్కపెట్టుకుంటూ దించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది లేదు. పక్కనే చిన్న మిషన్ మీద నేను జేబులు కుట్టుకుంటున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉంది నా పని. ఆమె లెక్క ఆగిన ప్రతిసారీ నా కాలు కూడా ఆగేది.

అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా? ఉండొచ్చు. నా వల్లే అని నాకు తెలుసా? ఆ కిర్రుమన్న చప్పుడు తెలుసు. దాని వల్లే అని తెలుసుకోవాలంటే దగ్గరికి పోయి చూడాలి. చూస్తే తెలిసిపోతుంది. అందుకని చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం. మొదలాళి భోజనానికి లోపలికి వెళ్లాడు. అక్క అన్నం డబ్బా విప్పలేదు. కాసేపు మిషన్ వైపు చూసి, నా వైపు తిరిగింది.

"అమ్మణ్ణీ, ఒక మాట అడగతాను, కోపం చేసుకోబాక. పూజలో ఉన్నెప్పుడు మిషన్ని ఎవురన్నా ముట్టినారా? నువ్వేమన్నా ముట్టినావా?"

"లేదక్కా. నేనెందుకు ముట్టుకుంటాను?"

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. ఎప్పటి నుంచో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు.

ఆమె వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "అంతేలే అమ్మణ్ణీ. నోరు జారినాను. నువ్వట్లాంటిదానివి కాదు. మనసులో పెట్టుకోబాక." నన్నడిగినందుకు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మరెందుకిట్లయితా ఉండాది? మిషన్ బాగుండాది, గుడ్డ బాగా కుడతా ఉండాది. నా చెయ్యి యాడ తప్పతా ఉండాదో నాకే తెలీడంల్యా."

ఇక్కడ ఆగిపోయి ఉంటే నేను అబద్ధాలకోరును మాత్రమే అయ్యేదాన్ని. లోకంలో అబద్ధమాడనివాళ్లెవరు? ఆగలేదు. కిటికీ గట్టు మీద ఒక పోస్టుకార్డు ఉంది. ముందురోజు కార్వేటినగరం నుంచి వచ్చింది. అక్క భర్తకు చిన్నాన్న పోయాడని రాశారు. కార్డు చదవగానే ఆమె బావి దగ్గరకు పోయి తలకు పోసుకుని వచ్చింది, నేను చూశాను. ఆ కార్డు వైపు చూస్తూ అన్నాను.

"ఆ ముసిలాయన యెప్పుడు పోయినాడక్కా? పూజకు ముందరా, తరవాతనా?"

అంతే. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఆమె వేళ్లు మడుచుకుని లెక్కపెట్టింది. పూజకు మూడు రోజుల ముందు. పాలివాళ్ల, అంటే దాయాదుల చావు, పది దినాల మైల. కబురు అందకముందే మైలలో దీపం పెట్టింది, మైలలో పసుపు పూసింది, మైలలో తొలికుట్టు వేసింది. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నేను కళ్లారా చూశాను. "నేనే అమ్మణ్ణీ. నేనే మిషన్ని మైల పరిచినాను" అంది.

నాకేమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. గండం గడిచిందనిపించింది. అంత నీచంగా ఉంటుందా మనిషి మనసు అని మీరడగొచ్చు. నేను కూడా అడుగుతూనే ఉన్నాను.

ఆ తర్వాత అక్క మిషన్‌లో తప్పు వెతకడం మానేసింది. తనలో వెతకడం మొదలుపెట్టింది. మైల దినాలు తీరాక వసారా అంతా పసుపు నీళ్లు చల్లింది. మిషన్‌కు మళ్లీ పూజ చేసింది. కుట్టు తప్పింది. శనివారాలు ఒంటిపొద్దులు ఉంది. కుట్టు తప్పింది. ఒకరోజు పనికి రాలేదు. నడిచి కొండెక్కిందని సుగుణ చెప్పింది. మరుసటి రోజు వచ్చింది. తలకు కొంగు బిగించి కప్పుకుంది. కొంగు జారినప్పుడు చూశాను. గుండు. గుండు మీద ఆరిపోయిన గంధం. మోకాళ్ల దాకా ఉండేది ఆమె జడ. దాన్ని చుట్టి ముడేసుకుంటే మెడ వంగిపోతోందని నవ్వేది.

"ఇచ్చేసినాను" అంది నాతో. "దానికన్నా బాగైనది నా దగ్గర ఇంకేమీ లేదు."

మిషన్ మీద కూర్చుంది. సూదికి దండం పెట్టింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మిషన్ కదిలింది. టకటక, టకటక. తర్వాత చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగి ఏం చూడాలి? దేవుడికి తలనీలాలిచ్చిన మనిషి, మరలో జరిగిన తేడాకు తననే నిందించుకుంటూ కూర్చుంటే, దాన్నేం చూడాలి?

సంచులు తిరిగి రావడం మొదలైంది. గూడూరు స్టేషన్లో రైలు మారుతుంటే పట్టీ ఊడి, ఎవరో మొగుడూపెళ్లాల సంచి ప్లాట్‌ఫారం మీద పడి ప్రసాదమంతా చెల్లాచెదురయిందట. దుకాణం ఆయన ఆ సంచి తెచ్చి మొదలాళి మొహాన విసిరాడు. అక్క ఎంత అణకువ మనిషయినా, ఆ ఒక్కనాడు మాత్రం "మిషన్ల యేమో ఉండాది సామీ" అని గొణిగింది. మొదలాళి అందరి ముందూ నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నెట్టుంది నీ కత" అన్నాడు. మద్దెల నిజంగానే ఓడని ఆ వసారాలో తెలిసినదాన్ని నేనొక్కతినే. నేను కూడా నవ్వాను. గట్టిగా కాదు. నవ్వాను.

చిత్తూరు నుంచి మెకానిక్కును పిలిపించారు. అతనికి అవతల పనేదో ఉందట, తొందర. గుడ్డముక్క నాలుగు మడతలేసి కుట్టి చూశాడు. ఒక్క కుట్టు తప్పలేదు. రెగ్జిన్ మీద చూడమని నేను నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మిషన్‌కేమీ లేదు, కూర్చునే మనిషిని మార్చమని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ వారమే అక్క పని మానేసింది. మొదలాళి పొమ్మనలేదు. తనే మానుకుంది. వెళ్లే ముందు మిషన్ దగ్గరికి వచ్చింది కానీ ముట్టలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి దండం పెట్టింది. తన కత్తెర నా చేతిలో పెట్టి, మంచిగా చేసుకో అమ్మణ్ణీ అంది.

ఇప్పుడు వినండి. అసలైనది ఇక్కడుంది.

మొదలాళి నన్ను పెద్ద మిషన్ మీద కూర్చోమన్నాడు. నీ చేతిలో కూడా కుట్టకపోతే దాన్ని అమ్మేసి వసారా మూసేస్తానన్నాడు. కూర్చున్నాను. నాకూ తప్పింది. మూడు రోజులు తప్పింది. నా బిడ్డ అన్నం, మా ఆయనకు పని ఉన్నా లేకున్నా సాగే మా ఇల్లు, అంతా ఆ సూది కింద ఉంది. అప్పుడు, గతిలేక, ఇన్నాళ్లూ చూడకూడదనుకున్న చోటు చూశాను. పక్క మూత విప్పాను. సూదిని పట్టుకుని పైకీ కిందికీ ఆడే ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని ఒక పట్టు బిగించి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అక్కడే బిగించి ఉండటం వల్ల కడ్డీ మీద, ఉంగరం తీసిన వేలి మీద ఉన్నట్టు, ఒక మచ్చ పడి ఉంది. ఆ మచ్చ పట్టు కింద ఉండాలి. గోటి అంచంత బయటికి వచ్చి మెరుస్తోంది. నేను చక్రాన్ని బలవంతంగా తిప్పిననాడు కడ్డీ అంతమేరకు పైకి జారింది.

ఆ పట్టును బిగించే మరమేకును వదులు చేశాను. మచ్చ కనపడకుండా పోయేదాకా కడ్డీని దించాను. బిగించాను. రెగ్జిన్ మీద నైలాన్ పట్టీ నాలుగు మడతలు పెట్టి తొక్కాను. ఒక్క కుట్టు, ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ఎంతసేపు పట్టిందో తెలుసా? అన్నం వార్చినంతసేపు కూడా పట్టలేదు. ఆమె జడంతా పోయిన పనికి.

మొదలాళి వచ్చి పట్టీ లాగి చూశాడు. "సూడు, మిషన్ అదే. సెయ్యి మారింది, అంతే" అన్నాడు.

అక్క అప్పటికింకా తిరుపతిలోనే ఉంది. రెండు సందుల అవతల. సామాన్లు సర్దుకుంటోంది, వారంలో కార్వేటినగరం పోతుందని తెలుసు. పరుగెత్తితే ఒక్క నిమిషం. అక్కా, నీ చెయ్యి కాదు, మైల కాదు, కడ్డీ జారింది, నేనే జార్చాను, రా, వచ్చి కూర్చో. ఇంతే కదా చెప్పాల్సింది. లేచి గడప దాకా వెళ్లాను కూడా. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి పెద్ద మిషన్ను చూశాను. అది నాది. ఆమె వస్తే నాది కాదు.

తిరిగొచ్చి కూర్చున్నాను.

భయపడి దాచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పూజ చెడగొట్టానని తెలిస్తే అందరూ ఛీకొడతారని భయం, పని పోతుందని భయం. మొదటి అబద్ధానికి భయం చెప్పుకోవచ్చు. మెకానిక్కు ముందు నోరు మెదపనందుకూ చెప్పుకోవచ్చేమో. గడప దగ్గర నుంచి వెనక్కి తిరిగినందుకు భయం కారణం కాదు. ఆశ. ఆ మాట రాయడానికి నాకు ఇన్ని కాగితాలు పట్టాయి.

తర్వాత నా పేరు పెరిగింది. మునెమ్మకు కుట్టని మిషన్ ఈమెకు కుట్టింది అనే కథ సందు సందూ తిరిగింది. నా చేతి గుణం మంచిదన్నారు. కొత్త మిషన్ కొన్నవాళ్లు తొలికుట్టు నన్నే వేయమని పిలుచుకుపోతారు. బొట్టు పెట్టి, చీర పెట్టి. పిలిచినప్పుడల్లా వెళ్లాను. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు మొదటిరోజే చెబుతాను: మందపు రెగ్జిన్ మీద కుట్టు తప్పితే ముందు సూది చూడండి, పాదం చూడండి, షటిల్ చూడండి, చివరికి పక్క మూత విప్పి కడ్డీ మీద మచ్చ చూడండి, అన్నీ చూశాకే మీ చేతిని అనుమానించండి. ఎంత ఓపిగ్గా చెబుతుందో అంటారు వాళ్లు. వినాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పాను.

ఒక్కసారి బయల్దేరాను. ఆమె వెళ్లిన ఆరేళ్లకు. బస్సెక్కి కార్వేటినగరం పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇంటి ముందు అరుగు మీద అక్క చింతపండు కొడుతోంది, ఎవరిదో కూలికి. జుట్టు మళ్లీ పెరిగింది, సగం తెల్లగా. నన్ను చూసి లేచి వచ్చి వాటేసుకుంది. లోపల సుగుణకు చిన్న కుట్టు మిషన్ ఉంది, జాకెట్లు కుడుతోంది. అక్క నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ మిషన్ ఉన్న గదిలోకి రాలేదు. సుగుణ దారం అందివ్వమని పిలిస్తే గడప బయట నుంచే విసిరింది.

"నేను దాని దగ్గరికి పోను" అంది నవ్వుతూ. "నా మైల దానికెందుకు?" తర్వాత కూతుర్ని పిలిచింది. "రా పాపా, ఈయమ్మ సెయ్యి పట్టుకో. మంచి సెయ్యి."

ఆ పిల్ల వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

అప్పుడు కూడా చెప్పలేదు. అప్పుడెలా చెబుతాను? మీరైతే చెప్పేవారేమో. వాళ్లు పెట్టిన అన్నం తిని, ఇచ్చిన చింతపండు మూట తీసుకుని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేశాను. ఆ చింతపండుతో ఏడాదంతా చారు పెట్టుకున్నాం.

నాలుగు రోజుల కిందట కార్డు వచ్చింది. సుగుణ రాసింది. అమ్మ పోయింది, జ్వరం తగిలి మూడు రోజులే ఉంది, మిమ్మల్ని తలుచుకునేది, తెలియజేద్దామని రాస్తున్నాను. అంతే ఉంది. ఆ కార్డును మిషన్ పక్క కిటికీ గట్టు మీద పెట్టాను. పెట్టాక గానీ గుర్తు రాలేదు, ఆనాడు ఆమె కార్డు పెట్టింది కూడా అక్కడే. మొదలాళి పోయాక ఆ వసారా ఇప్పుడు నేనే నడుపుతున్నాను.

నాకు మైల లేదు. ఆమె నాకేమీ కాదు, పాలి కాదు, చుట్టం కాదు. శాస్త్రప్రకారం నేను ఆ రోజే తలకు పోసుకోకుండా కూడా మిషన్ మీద కూర్చోవచ్చు. కుట్టు నేర్చుకునే పిల్లలు ఎదురుచూస్తున్నారు, సంచులు ఆగిపోయి ఉన్నాయి. కూర్చోబోతాను. కార్డు కనపడుతుంది. వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టిన ఆమె చెయ్యి కనపడుతుంది. లేచిపోతాను.

మా వాడి బడి సంచి అటక మీద ఉంది. నిన్న దించాను. ఇన్నేళ్లు మోశాడు, అంచులు తెల్లబడ్డాయి గానీ ఒక్క కుట్టు ఊడలేదు. ఒక మూల మాత్రం దబ్బనంతో వేసిన కుట్టు, లావుగా, వంకరగా ఉంటుంది. వాడు చిన్నప్పుడు అడిగాడు, ఈ మూల ఎందుకమ్మా ఇలా ఉందని. దారం అయిపోయిందన్నాను. వాడు నమ్మాడు. నన్నెప్పుడూ ఎవరూ నమ్మకుండా లేరు.

సుగుణకు చెప్పాలా? చెప్పాలి. ఆ పిల్ల ఇప్పటికీ వాళ్లమ్మ చేతిలో దోషముందనే అనుకుంటూ ఉంటుంది, తన చేతిలో కూడా ఏమైనా ఉందేమోనని భయపడుతూ ఉంటుంది. ఈ కాగితాలు ఆమెకు పంపుతానో లేదో నాకు తెలియదు. నన్ను నేను నమ్మను. గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగే మనిషిని. అందుకే ముందు మీకు చెప్పాను, మీ నుంచి తిరిగి తీసుకోలేను కాబట్టి.

క్షమించమని అడగను. క్షమించాల్సిన ఆమె లేదు. ఉన్నా క్షమించేసి ఉండేది, అడిగినందుకు తనే బాధపడి ఉండేది. అది ఇంకా భయంగా ఉంది నాకు. నాకు కావల్సింది ఒక్కటే, ఆమె ఆనాడు అడిగినదానికి ఒక్కసారైనా జవాబు చెప్పడం. అన్నం డబ్బా విప్పకుండా, నా వైపు తిరిగి, కోపం చేసుకోబాక అమ్మణ్ణీ అని అడిగిందే, దానికి.

ముట్టినానక్కా. నేనే ముట్టినాను.